మోటారుసైకిలునకు ఏ ఆయిలు?

మోటారుసైకిలు కొనునప్పుడు ఇంటిల్లిపాదియు కూడి ఆలోచింతురు. రంగు పిల్లలు నిర్ణయింతురు. ధర తండ్రి విచారించును. వెనుక కూర్చుండుటకు వీలుగా నున్నదా లేదా యని తల్లి చూచును. లీటరు పెట్రోలునకు ఎన్ని కిలోమీటర్లు వచ్చునో చుట్టుప్రక్కల వారందరును చెప్పుదురు. ఆ బండి పదిపదునైదేండ్లు నడచునో, మూడవయేటనే ఇంజను విప్పవలసివచ్చునో తేల్చునట్టి ఆయిలు సంగతి మాత్రము ఎవరికిని పట్టదు. మెకానికు "ఆయ్, ఏది పొయ్యమంటారండి?" అని అడుగును. "నీకు తెలియనిదేముందయ్యా, మంచిది చూసి పొయ్యి" అని చెప్పి మనము వార్తాపత్రిక చేతికి తీసుకొందుము. ఆ 'మంచిది' యనగా ఏమో ఈ వ్యాసమున కొంత వివరింపదలచితిమి.

నూనె లేనిదే చక్రము తిరుగదని మనవారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఎడ్లబండ్ల కాలమున కందెన లేని రైతిల్లు ఉండెడిది కాదు. ఆముదములో గడ్డిమసి కలిపి నూరి, వెదురుగొట్టములో నింపి బండిక్రింద వ్రేలాడగట్టెడివారు. ఇరుసు కీచుమన్నప్పుడెల్ల ఆ కందెన పూయుటయే ఆనాటి సర్వీసింగు. నేటి శాస్త్రగ్రంథములలో యంత్రపు నూనెలన్నిటికిని వాడుచున్న తెలుగుమాట కూడ ఈ కందెనయే.

ఆముదపు కథ ఎడ్లబండితో ముగియలేదు. 1899 లో లండనునందు చార్లెస్ వేక్‌ఫీల్డ్ అను నతడు స్థాపించిన నూనెల సంస్థ, అప్పుడప్పుడే వచ్చుచున్న మోటారుకార్లకును విమానములకును పనికివచ్చునట్లు ఆముదము కలిపిన ఒక నూనెను సిద్ధపరచి 1909 లో అమ్మకమునకు తెచ్చినది. ఆముదపు ఆంగ్లనామమైన 'కాస్టర్' నుండియే దానికి 'క్యాస్ట్రాల్' అను పేరు వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధమునాటి విమానముల ఇంజనులు పెక్కు ఆముదముతోనే తిరిగినవి. ఆముదమునకు ఒక గొప్ప గుణము కలదు. ఎంత వేడియెక్కినను లోహమును అంటిపెట్టుకొని యుండును. ఒక పెద్ద దోషమును కలదు. కొంతకాలమునకు జిగురై గట్టిపడును. అందుచే నేడు మనము నడుపు బండ్లలో దానికి తావు లేదు. ఇంటిలో ఆముదమున్నది గదా యని ఎవరును పోయకుందురు గాక.

ఇంజనులో ఆయిలు చేయు పని ఒకటి కాదు. పిస్టనునకును సిలిండరు గోడకును నడుమ పలుచని పొరగా నిలిచి, లోహము లోహమును తాకకుండ కాపాడుట మొదటిది. రింగుల సందులు మూసి, మండిన వాయువు క్రిందికి దిగకుండ చేయుట రెండవది. గాలితో చల్లబడు చిన్న ఇంజనులలో లోపలి వేడిని మోసికొనివచ్చి బయటి గోడల కందించుట మూడవది. ఈ పని ఎంత గొప్పదో చాలమంది గమనింపరు. మసిని, లోహపు రజనును తనలో నిలుపుకొని, వడపోతకు చేర్చుట కూడ దాని విధియే. కావుననే క్రొత్తగా పోసిన ఆయిలు కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడినచో కంగారుపడనక్కరలేదు. అది తన పని తాను చేయుచున్నదని గ్రహింపవలెను.

ఇంతవరకు చెప్పినది కారునకును, లారీకిని, పొలములోని డీజిలు పంపుసెట్టునకును సమానమే. మోటారుసైకిలు దగ్గరకు వచ్చునప్పటికి ఒక చిక్కు కలదు. ఆ చిక్కు తెలిసినచో ఆయిలు ఎన్నిక సగము పూర్తియైనట్లే.

1955 లో మద్రాసునందు ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ యేర్పడి, మన సైన్యము కొరకు బుల్లెట్టు బండ్లను కూర్చుట ఆరంభించినది. ఆ పాత బుల్లెట్టులో ఇంజనునకు ఒక ఆయిలు, క్లచ్చియు చెయినును ఉండు పెట్టెకు ఒక ఆయిలు, గేరుపెట్టెకు వేరొక చిక్కని కందెన. మూడు పనులకు మూడు అరలు. ఒకదాని ఆయిలు మరియొకదానికి తగులదు. 1961 లో మైసూరు నుండి జావా వచ్చినది. వెనువెంటనే రాజదూతు వచ్చినది. అవి టూ-స్ట్రోకు బండ్లు. వాటి ఇంజనునకు కావలసిన ఆయిలును పెట్రోలులోనే కలిపి పోయించుకొనెడివారు. అది పెట్రోలుతోపాటు కాలి పొగయై పోయెడిది. గేరుపెట్టెలోని ఆయిలు వేరుగా నుండెడిది. ఆ కాలమున "ఏ ఆయిలయిననేమి, జిడ్డుంటే చాలు" అను మాట కొంతవరకు చెల్లెడిది.

1985 లో హీరోహోండా వారి సి.డి. 100 బజారులోనికి వచ్చినది. ఫోర్-స్ట్రోకు నూరు సీసీ బండ్లు ఊరూర వ్యాపించినవి. బుల్లెట్టులో కూడ, 2009 లో వచ్చిన క్లాసిక్ మొదలైన బండ్లతో, ఇంజనును గేరుపెట్టెయు ఒకే కూర్పుగా మారినవి. అరల నడుమ గోడలు తొలగినవి. ఈనాడు మన వీధులలో తిరుగు మోటారుసైకిళ్లలో దాదాపు అన్నిటియందును ఒక లీటరు, లీటరున్నర ఆయిలే పిస్టనును తడిపి, క్లచ్చిని ముంచి, గేరుపళ్ల నడుమ నలిగి, తిరిగి పిస్టను చెంతకు పోవుచుండును. కారులో ఇట్లు లేదు. అచట ఇంజను ఆయిలు క్లచ్చిని తాకనే తాకదు.

క్లచ్చి యనగా ఏమి? పలుచని పళ్లెములు కొన్ని ఒకదానిపై నొకటి పేర్చి స్ప్రింగులతో నొక్కిపెట్టినది. అవి ఒకదాని నొకటి పట్టుకొన్నప్పుడే ఇంజను బలము చక్రమునకు చేరును. ఈ పళ్లెములు ఆయిలులో మునిగియుండును. పిస్టనునకు ఆయిలు ఎంత జారుడుగా నుండిన అంత మేలు. క్లచ్చికి మరీ జారుడైనచో పట్టు తప్పును. వానకాలమున పొలముగట్టు మీద నడచువానికి బురదలో కాలు పట్టు దొరకవలెను; ఆ ప్రక్కనే పడవను ఒడ్డునకు లాగువానికి అదే బురద జారవలెను. ఒకే బురద ఇద్దరికిని సాయపడవలెనన్నట్లున్నది మోటారుసైకిలు ఆయిలు పని.

కారు ఆయిళ్లు తయారుచేయువారు పెట్రోలు ఆదా కొరకు రాపిడిని ఇంకను తగ్గించు ద్రవ్యములను కలుపుచుందురు. అట్టి డబ్బాల మీద 'ఎనర్జీ కన్సర్వింగ్' అనియో, 'రిసోర్స్ కన్సర్వింగ్' అనియో ముద్రించియుండును. కారునకు అది గుణమే. మోటారుసైకిలులో పోసినచో క్లచ్చి జారుటకు అవకాశము హెచ్చు. నిడదవోలు నుండి కొవ్వూరు మీదుగా రాజమహేంద్రవరము పోవువారు, వెనుక నొకరిని ఎక్కించుకొని 1974 నాటి రోడ్డు-రైలు వంతెన ఎత్తు ఎక్కునప్పుడు, ఇంజను మ్రోత పెరిగి బండి వేగము పెరుగకున్నచో క్లచ్చి జారుచున్నదని తెలిసికొనవచ్చును. పళ్లెములు కాలినవాసన వచ్చునాటికి ఆలస్యమైనట్లే. కారున్న ఇంటిలో మిగిలిన అరలీటరు ఆయిలును మోటారుసైకిలులో పోయుట పొదుపు వలె కనిపించును. క్లచ్చి పళ్లెములు మార్చినప్పుడు ఆ పొదుపు ఎంతయో తేలును.

ఈ చిక్కును గుర్తించి జపాను దేశపు మోటారు ప్రమాణముల సంస్థ 1998 లో ఫోర్-స్ట్రోకు మోటారుసైకిలు ఆయిళ్లకు ప్రత్యేకముగా ఒక ప్రమాణమును ఏర్పరచినది. ఆ సంస్థ పేరు పొడి అక్షరములలో 'జాసో'. డబ్బా వెనుకవైపున చిన్న చతురస్రములో 'జాసో ఎం.ఏ.' అనియో, 'ఎం.ఏ. 2' అనియో ఉన్నచో, ఆ ఆయిలులో క్లచ్చి పట్టు నిలుచునని పరీక్షించినట్లు. 2006 నుండి ఎం.ఏ. తరగతిని ఒకటి, రెండు అని విభజించిరి. రెండవదానిలో పట్టు మరింత హెచ్చు. 'ఎం.బి.' అని యున్నది జారుడు హెచ్చైనది. గేరులు లేని స్కూటర్లలో క్లచ్చి ఇంజను ఆయిలులో మునుగక పొడిగా నుండును గనుక వాటికి ఎం.బి. తగును. ఇంటిలో భర్తకు గేరుల మోటారుసైకిలు, భార్యకు గేరులు లేని స్కూటరు ఉన్నచో, ఒకే డబ్బా తెచ్చి రెండిటిలో పోయు ముందు ఈ రెండక్షరములను చూడవలెను. ఎం.ఏ. ఆయిలు స్కూటరులో పోసినచో పెద్ద నష్టము లేదు. ఎం.బి. ఆయిలు మోటారుసైకిలులో పోయరాదు.

పొలము పనివారు మరియొక పొరపాటు చేయుదురు. ట్రాక్టరునకో, డీజిలు పంపుసెట్టునకో తెచ్చిన పెద్ద డబ్బానుండి ఒక లీటరు వంచి మోటారుసైకిలులో పోయుదురు. డీజిలు ఇంజనులో మసి హెచ్చు. ఆ ఆయిలునందు మసిని కడుగు ద్రవ్యములు దానికి తగిన పాళ్లలో నుండును. మోటారుసైకిలు క్లచ్చికిని గేరులకును దానిని ఎవరును పరీక్షింపలేదు. ఇప్పటి బండ్ల పొగగొట్టములో పొగను శుభ్రపరచు కన్వర్టరు ఒకటి యున్నది. కాలిన ఆయిలు బూడిద దానికి హానికరము. డబ్బామీద జాసో గుర్తు కూడ ఉన్నప్పుడు తప్ప డీజిలు ఆయిలును మోటారుసైకిలునకు దూరముగా నుంచుటయే మేలని మా అభిప్రాయము.

ఇక అంకెల సంగతి. 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-40, 20డబ్ల్యు-50 అని డబ్బాలపై నుండును. అమెరికాలోని మోటారు ఇంజనీర్ల సంఘము 1911 లో ఆరంభించిన కొలమానమిది, ఎస్.ఏ.ఇ. అని వ్రాయుదురు. డబ్ల్యు అక్షరము 'వింటర్' అనగా శీతకాలమును సూచించును. దాని ముందున్న అంకె, కఠినమైన చలిలో ఇంజను సులభముగా తిరుగునా లేదా యని చెప్పును. 10డబ్ల్యు అని పేరు పెట్టుటకు సున్నకు 25 డిగ్రీలు తక్కువ చలిలోను, 20డబ్ల్యు అనుటకు 15 డిగ్రీలు తక్కువ చలిలోను పరీక్షింతురు. పుష్యమాసపు తెల్లవారుజామున గోదావరి గట్టుమీద ఎంత మంచు కురిసినను మనకు అట్టి చలి ఎచటిది? కావున మన ప్రాంతమున ఈ మొదటి అంకె వలన భయము లేదు. చిన్న అంకె గల ఆయిలు ఉదయము బండి స్టార్టు చేయగనే పై భాగములకు కొంత త్వరగా చేరును. అంతవరకు అది మేలు.

రెండవ అంకె మనకు ముఖ్యము. అది 100 డిగ్రీల వేడిలో ఆయిలు చిక్కదనమును చెప్పును. కొలతకు సెంటీస్టోకు అని పేరు. మంచినీళ్లు మామూలు చల్లదనములో సుమారు ఒక సెంటీస్టోకు ఉండును. 30 అను ఆయిలు 100 డిగ్రీల వద్ద 9.3 మొదలు 12.5 లోపల, 40 అనునది 12.5 మొదలు 16.3 లోపల, 50 అనునది 16.3 మొదలు 21.9 లోపల నుండవలెను. "మన ఊరిలో ఎండలు హెచ్చు గనుక చిక్కని ఆయిలు పోయవలెను" అను మాట తరచు వినబడును. రోహిణీకార్తెలో 40 డిగ్రీలు దాటుట మనకు క్రొత్త కాదు. కాని ఇంజను లోపలి ఆయిలు వేడి నూరు డిగ్రీల ప్రాంతమున ఉండును. బయటి ఎండకును దానికిని సంబంధము లేకపోలేదు గాని, జనులు తలచునంత లేదు. 30 అంకెకు తగినట్లు సన్నని సందులతో కట్టిన ఇంజనులో 50 పోసినచో పంపు దానిని తోయుటకు శ్రమపడును, పెట్రోలు ఖర్చు పెరుగును, ఉదయము పై భాగములు కొంతసేపు పొడిగా నుండును. 50 కొరకు కట్టిన పెద్ద ఇంజనులో 30 పోసినచో వేడిలో ఆ పొర తెగును. ఏ అంకె తగునో బండితో ఇచ్చిన చిన్న పుస్తకములో వ్రాసియుండును. ఆ పుస్తకము బండి కాగితములతో కలిసి బీరువాలోనికి పోయి మరల వెలుగు చూడదు. ఒకసారి తీసి ఆ పుటను చదువవలసినదిగా కోరుచున్నాము. కొన్ని పుస్తకములు రెండుమూడు అంకెలలో ఏదైన వాడవచ్చునని చెప్పును. అట్టిచోట క్రొత్తబండికి పలుచనిది, బాగుగా తిరిగి ఆయిలు త్రాగుచున్న పాతబండికి చిక్కనిది ఎన్నుకొనవచ్చును.

ఇచట గేరుల కథ మరల వచ్చును. వేడిలో ఆయిలు మరీ పలుచబడకుండ దానిలో పొడవైన దారముల వంటి అణువులుగల ద్రవ్యమును కలుపుదురు. మోటారుసైకిలులో ఈ దారములు గేరుపళ్ల నడుమ నలిగి తెగుచుండును. తెగినకొలది 40 గా పోసిన ఆయిలు మెల్లమెల్లగా 30 వైపు జారును. నూరు సీసీ ఇంజను గరిష్ఠశక్తి నిచ్చునప్పుడు నిమిషమునకు 8000 పర్యాయముల ప్రాంతమున తిరుగును. కారు మామూలుగా దారిలో పోవునప్పుడు 2000, 3000 లోనే పని జరిగిపోవును. కావున కారు ఆయిలు పదివేల కిలోమీటర్లు వచ్చినదని మోటారుసైకిలులో అట్లే ఆశింపరాదు. ఈ దారములు ఎంతవరకు తెగకుండ నిలుచునో కూడ జాసో పరీక్షలలో చూతురు.

మినరలు, సెమీసింథటికు, సింథటికు అని మూడు రకములు. మొదటిది ముడిచమురునుండి వడబోసినది; చెన్నై దగ్గర మణలిలోను, ముంబయిలోను, హల్దియాలోను మన దేశమున ఇట్టి మూలతైలము తయారగును. చివరిది రసాయనక్రియలచే అణువులను సమముగా తీర్చినది. వేడికి తట్టుకొనును, ఆవిరియగుట తక్కువ. ధర రెట్టింపు, అంతకు మించియు నుండును. పుస్తకము సింథటికు కోరినచో అదే పోయవలెను. పుస్తకము మినరలునకు అంగీకరించినప్పుడు, పాలు పోసి వచ్చి, పిల్లలను బడిలో దింపి, సాయంకాలము చేను చూచివచ్చు బండికి సింథటికు అవసరములేదని మా ఉద్దేశము. ఆ డబ్బుతో మినరలు ఆయిలును వేళకు మార్చుట మేలు. డబ్బాపై ఎస్.ఎల్., ఎస్.ఎం., ఎస్.ఎన్. అను అక్షరములు మరియొక అమెరికా సంస్థవి. రెండవ అక్షరము వరుసలో వెనుకది యగుకొలది ప్రమాణము క్రొత్తది. పుస్తకము అడిగినది గాని, దాని తరువాతిది గాని ఉన్నచో చాలును.

ఇక నిడదవోలు ప్రాంతపు ప్రత్యేకత. ఇచట బండి రెండు విధముల బాధపడును. ఒకటి కురచ ప్రయాణము. ఇంటినుండి స్టేషనుకు, స్టేషనునుండి బజారుకు, బజారునుండి ఇంటికి. ఏదియు రెండు మూడు కిలోమీటర్లు దాటదు. ఇంజను పూర్తిగా వేడెక్కకమునుపే ఆపివేయుదురు. మండినప్పుడు పుట్టిన నీటియావిరి, కాలక మిగిలిన పెట్రోలు ఆయిలులోనే నిలిచిపోవును. తాడేపల్లిగూడెమునకు దినము పోయివచ్చువాని బండిలో ఆయిలు వేడెక్కి ఈ తేమ ఎగిరిపోవును. కిలోమీటర్లు తక్కువ తిరిగినదని సంతసించు మొదటివాని ఆయిలే ముందుగా చెడును. అట్టివారు కిలోమీటర్లు నిండకున్నను పుస్తకములో చెప్పిన నెలల గడువునకు ఆయిలు మార్చుకొనవలెను.

రెండవది నీరు. పడమటి డెల్టా కాలువల నడుమ, ఎర్రకాలువ పొంగు తగులు పల్లపు భూముల నడుమ ఉన్న ఊరిది. వానకాలమున బాట మీద మోకాలిలోతు నీటిలో బండిని నడిపించుకొనిపోవుట ఇచటివారికి అలవాటే. బండి మునిగినచో, తుడిచి ఆరబెట్టి వెంటనే కిక్కు కొట్టుదురు. అదే తప్పు. ముందుగా కొలపుల్ల తీసి చూడవలెను. ఆయిలు మజ్జిగవలె తెల్లగా, నురుగుగా నున్నచో నీరు చేరినట్లు. అట్టి ఆయిలుతో ఇంజనును ఒక్క నిమిషమైనను త్రిప్పరాదు. గాలిగొట్టము ద్వారా సిలిండరులోనికి నీరు పోయినదేమో మెకానికు చేత చూపించి, ఆయిలంతయు దింపి, క్రొత్తది పోసి కొలదిసేపు నడిపి, దానిని కూడ దింపి మరల నింపవలెను. రెండు లీటర్ల ఖర్చని జంకినవారు బేరింగులకు వేలరూపాయలు చెల్లింపవలసివచ్చును.

కొలపుల్ల చూచుటకు ఒక పద్ధతి కలదు. బండిని సమతలమున నడిమి స్టాండుపై నిలుపవలెను. ప్రక్క స్టాండుపై వంగియున్నప్పుడు కొలత తప్పుగా కనిపించును. ఇంజనును కొన్ని నిమిషములు నడిపి, ఆపి, ఆయిలు క్రిందికి దిగునంతవరకు ఆగి, పుల్లను తుడిచి, లోపల నుంచి మరల తీసి చూడవలెను. మరమేకు బిగించి చూడవలెనో, ఊరక ఆనించి చూడవలెనో బండిబండికి తేడా యుండును, పుస్తకము చెప్పును. రెండు గీతల నడుమ నున్నచో సరియే. పై గీత దాటి పోయుట ఉదారత కాదు. ఎక్కువైన ఆయిలు నురుగెత్తి సీళ్లనుండి కారును. పదునైదు దినముల కొకసారి ఇంటిలో ఎవరైనను దీనిని చూడవచ్చును. నూనె తగ్గినదో లేదో చూచుట వంటింటిలో నిత్యము జరుగు పనియే గదా!

నకిలీ ఆయిలు గురించి రెండు మాటలు. పేరున్న సంస్థల ఖాళీ డబ్బాలలో వాడిన ఆయిలును వడబోసి నింపి అమ్ముట మన దేశమున పాతరోగము. మూత సీలు చెక్కుచెదరక యున్నదా, తయారైన తేదీయు బ్యాచి సంఖ్యయు స్పష్టముగా ముద్రించియున్నవా చూడవలెను. ధర మరీ తక్కువగా చెప్పినచో అనుమానింపవలెను. డబ్బాను మీ కన్నులయెదుట విప్పించి పోయించుకొని, ఖాళీ డబ్బాకు అచటనే మేకుతో రంధ్రము చేయించుడు. మంచి మెకానికు దీనికి నొచ్చుకొనడు.

దింపిన నల్లని ఆయిలును ఏమి చేయవలెను? కొందరు మురుగుకాలువలో పోయుదురు. కొందరు చెదలకు మందని వాకిలి గుంజలకు పూయుదురు. 2016 నాటి కేంద్రప్రభుత్వ నిబంధనల ప్రకారము వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థముల జాబితాలోనిది. దానిలో లోహపు రజనును, కాలిన పెట్రోలు మిగిలించిన విషద్రవ్యములును ఉండును. ఇచట మురుగులో పోసినది పంటకాలువకు చేరును. ఆ నీరే పశువులు త్రాగునది, నారుమళ్లకు పారునది. ఇంటివద్ద స్వయముగా ఆయిలు మార్చుకొనువారు పాతదానిని అదే డబ్బాలో పోసి మూత బిగించి, పాత ఆయిలును శుద్ధిచేయువారికి అప్పగించు సర్వీసు కేంద్రమునకు ఇచ్చివేయవలెను. డబ్బాకు రంధ్రము చేయుట అప్పుడు వారి వంతు.